నా చెయ్యి విరిచింది మా బావమరిది కాదు

దయ్యాలను చూశామని చెప్పేవాళ్ల మీద నాకు జాలి కలిగేదే తప్ప, వాళ్ల మాట మీద నమ్మకం ఏనాడూ కలగలేదు. నేను బోగోలు చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు బాగుచేస్తాను. చెరువు నీళ్లలో గాలి కలిపే చక్రాలు, వాటిని తిప్పే మోటార్లు నా పని. మోటారు ఆగిందంటే వైండింగ్ కాలి ఉండాలి, లేదా బేరింగ్ పోయి ఉండాలి, లేదా ఒక ఫేజ్ రాకుండా ఉండాలి. కారణం లేకుండా ఆగిన మోటారును నేను చూడలేదు. గట్టు మీద ఎవరో నిలబడి ఉన్నారని కాపలావాళ్లు భయపడితే, వెళ్లి టార్చి వేసి, అది వలకు కట్టిన గోనెసంచి అని చూపించి వచ్చిన మనిషిని.

ఇప్పుడు ఇది రాస్తున్నది ఎవరినీ భయపెట్టడానికి కాదు. నా ఎడమ చెయ్యి విరిచింది మా బావమరిది రాజు అని మా ఊళ్లోనూ బిట్రగుంటలోనూ అందరూ నమ్ముతున్నారు. నమ్మించింది నేనే. అతను నన్ను కొట్టలేదు. ఆ మాట అచ్చులో ఉండాలని రాస్తున్నాను.

నా భార్య సుగుణకు షుగరు ఉంది. సముద్రపు ఒడ్డున ఆలుచిప్ప గుచ్చుకుని అరికాలు తెగింది. మొదట మేము పట్టించుకోలేదు. పుండు ముదిరి, నెల్లూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో చూపించేసరికి ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. తర్వాత రోజూ కట్టు మార్చాలన్నారు. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేమన్నారు. ఇన్సులిన్ వేశాక వెంటనే అన్నం పెట్టాలి, ఉప్పు, నూనె చూసుకోవాలి. బోగోలు నుంచి రోజూ వచ్చిపోవడం ఆ కాలితో అయ్యే పని కాదు. హోటల్ తిండి ఆమెకు పడదు. అందుకని ఆసుపత్రి దగ్గర్లోనే వంటకు వీలున్న ఇల్లు వెతికాము.

నాకు టీ కాయడం తప్ప ఏమీ రాదు. రాజు వంటవాడు. బిట్రగుంటలో రైలు డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో కాంట్రాక్టు కింద వంట చేసేవాడు. సుగుణకు ఒక్కగానొక్క తమ్ముడు. అక్కకు ఇలా అయిందని తెలియగానే సెలవు పెట్టి, తన అట్లకాడ సంచిలో వేసుకుని వచ్చేశాడు.

ఆ ఆసుపత్రి వెనక సందుల్లో ప్రతి రెండో మేడకూ 'పేషెంట్లకు గదులు, వంట వసతి' అని బోర్డు ఉంటుంది. మొదట చూసిన ఇంట్లో చేపలు, మాంసం వండకూడదన్నారు. రాజు గుమ్మంలోనే వెనక్కి తిరిగాడు. "చేపల పులుసు లేకుండా మా అక్కను కూర్చోబెడితే కాలు బాగైద్దేమో గానీ, మనిషి మన మీద పడి కరస్తాది బావా" అన్నాడు. రెండో ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మూడోది మొదటి అంతస్తు. మెట్లు వెడల్పుగా, వాలుగా ఉన్నాయి. హాలు, ఒక గది, వంటగది. లోపలికి రావడానికి ఒకటే తలుపు. వంటగది కిటికీకి ఇనుప చువ్వలు, వాటి అవతల ఆసుపత్రి వెనకగోడ.

ఆ వంటగదిలో సామానంతా ఉంది. గిన్నెలు, పెనం, పప్పుగుత్తి, ఉప్పు డబ్బా, సగం వాడిన నూనె సీసా. నాకు అది సౌకర్యంగా కనిపించింది. రాజు ముఖం మారింది.

ఆ సందుల్లో ఒక ఆనవాయితీ ఉందని అతను అంతకుముందే టీ కొట్టు దగ్గర విన్నాడు. రోగి బాగై ఇంటికి వెళ్తుంటే, తోడున్నవాళ్లు ఉప్పు డబ్బాతో సహా అన్నీ సర్దుకుపోతారట. రోగి దక్కకపోతే వంటసామాను అక్కడే వదిలేసి వెళ్తారట. అందుకే ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు అద్దె కంటే ముందు, అంతకుముందున్న రోగి ఎలా వెళ్లాడని అడుగుతారు.

"అడుగు బావా, నోరు నొప్పా?" అన్నాడు రాజు.

నవ్వుకుంటూనే వాచ్‌మన్‌ను అడిగాను. "పెద్దామె అన్నా. మోకాలి ఆపరేషను. ఆమె కాళ్లతో ఆమే మెట్లు దిగి ఆటో ఎక్కింది" అన్నాడు. సామాను ఎందుకు వదిలేశారంటే, "ఏదో తొందరలో పోయినార్లే" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదని తర్వాత తెలిసింది. రాజు మనసు కుదుటపడింది. ఆ సాయంత్రమే దిగాము.

మొదటి కొన్ని రోజులు సంతోషంగానే గడిచాయని చెప్పాలి. పొద్దున్నే నేను సుగుణను వీల్‌చైర్‌లో కట్టు కట్టించడానికి తీసుకెళ్లేవాణ్ణి. తిరిగొచ్చేసరికి రాజు వంట మొదలుపెట్టి ఉండేవాడు. నేను కూరగాయలు తరిగేవాణ్ణి. "మోటార్లు ఇప్పి కడతావు, ఉల్లిపాయ ఒలవలేవా? ఇట్టాంటోడికి ఇచ్చినాం చూడు మా అక్కని" అని ఏడిపించేవాడు. హాల్లో మంచం మీద నుంచి సుగుణ, "ఇచ్చినాక ఇన్నేళ్లకి బాధపడతా ఉండావా?" అనేది.

మొదటి దెబ్బ అలాంటి ఒక మధ్యాహ్నమే తగిలింది. వంటగది గట్టు మీద బెండకాయలు తరుగుతున్నాను. రెండు భుజాల మధ్య ఎవరో పిడికిలితో గుద్దారు. ముందుకు పడబోయి గట్టు పట్టుకున్నాను. పొయ్యి దగ్గర రాజు తప్ప ఎవరూ లేరు. సరసానికి కొట్టాడనుకున్నాను. "ఒరే, గట్టిగా తగిలిందిరా" అన్నాను. "ఏంది తగిలింది?" అన్నాడు, గరిటె తిప్పుతూ. నటిస్తున్నాడనుకున్నాను. సాయంత్రం చొక్కా విప్పితే వీపు మీద కమిలి ఉంది. సరసానికి అంత బలంగా ఎవరూ కొట్టరు. ఆ కోపం లోపల ఉండిపోయింది.

రెండోసారి రాజుకు తగిలింది. పై అరలో పసుపు డబ్బా తీయడానికి నేను అతని వెనక నిలబడ్డాను. దబ్బుమని చప్పుడైంది. అతని ముఖం వెళ్లి అర అంచుకు కొట్టుకుంది. కింది పెదవి చిట్లి గడ్డం మీదుగా రక్తం కారింది. చేత్తో మెడ వెనక పట్టుకుని నావైపు తిరిగాడు. "తమాషాకైనా ఒక హద్దు ఉండాల బావా." నేను ముట్టుకోలేదని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు. ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే.

తర్వాత సుగుణ వంతు వచ్చింది. ఆమె మంచం హాల్లో, వంటగది తలుపుకు ఎదురు గోడకు ఆనుకుని ఉండేది. నేను ఆమె పక్కగా నడిచి నీళ్ల క్యాను దగ్గరికి వెళ్తున్నాను. నా వెనక చెంపదెబ్బ చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఆమె బుగ్గ పట్టుకుని నన్నే చూస్తోంది. "ఎందుకు కొట్టినావయ్యా?" అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె మీద చెయ్యి ఎత్తలేదు నేను. ఆ మాట ఆమెకూ తెలుసు. అయినా ఆ చూపులో నేను కొట్టిన మనిషినే. రాజు వంటగదిలోంచి వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. నేను అతన్ని తోశాను. వాళ్లక్క అరిచి ఏడిస్తే గానీ విడిపోలేదు.

ఆమె బుగ్గ మీద వేళ్లు తేలాయి. ఆ అచ్చు పక్కన నా చెయ్యి పెట్టి చూశాను. ఆ అచ్చు కంటే నా వేళ్లు చాలా పెద్దవి. రాజు చెయ్యి నా చేతికంటే పెద్దది. అది ముగ్గురమూ చూశాం. కానీ బుగ్గ వాచి అచ్చు చిన్నగా కనిపిస్తోందని ఎవరికి వాళ్లం సర్దుకున్నాం.

అక్కడి నుంచి ఆ ఇల్లు ఇల్లుగా లేదు. దెబ్బ ఎప్పుడు పడినా, ఎవరి మీద పడినా, దగ్గర్లో ఇంకొకరు ఉండేవాళ్లు. ఒక్కరే ఉన్నప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. దాన్ని అప్పుడు గమనించలేదు. తగిలినవాళ్లు దగ్గరున్నవాళ్లను అనుమానించారు. మేము ఒకరికొకరం వీపు చూపించడం మానేశాం. రాజు గోడకు ఆనుకుని వండేవాడు. సుగుణ భుజాల మీద, మెడ మీద కొత్త కమిలింపులు వచ్చాయి. ఒకసారి ఆమె తన తమ్ముణ్ణే, "నువ్వు గూడానా రాజా?" అని అడిగింది. అప్పుడు పొయ్యి మీద ఉన్న కూర మాడిపోయింది. ఆ రోజు అతను అన్నం తినలేదు.

ఇల్లు మారదామని నేను అనలేదు. మారితే, నాకు పిచ్చి అనో, ఇంట్లో ఏదో ఉందనో ఒప్పుకోవాలి. రెండూ నా చేత కాలేదు.

కట్టు మార్చే సిస్టర్ ఆ కమిలింపులు చూసింది. నా ముందు ఆమె సుగుణను ఏమీ అడగలేదు. నన్ను గది బయట ఉండమంది. తలుపు సందులోంచి, "ఇంట్లో ఎవరుంటారమ్మా?" అనడం వినిపించింది. బయటికొచ్చి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. ఆ రోజు నుంచి ఆసుపత్రిలో నడుస్తుంటే నా వీపున చూపులు ఉన్నట్టే అనిపించేది.

చెయ్యి విరిగింది ఒక మధ్యాహ్నం, పట్టపగలు. రాజు అన్నం వారుస్తున్నాడు. గంజి వార్చేటప్పుడు గిన్నెను, మూతను గుడ్డతో కలిపి రెండు చేతులా పట్టుకోవాలి. అతను తొట్టి మీదకు వంగి, అలా పట్టుకునే ఉన్నాడు. నాకు కుడివైపు, మూరెడు దూరంలో. నేను పళ్లాలు తీయడానికి ఎడమచెయ్యి పై అరకు చాచాను. గిన్నెలోంచి గంజి ధార పడుతుండటం, దాని మీద ఆవిరి, గుడ్డ మీద అతని పది వేళ్లు, ఇవన్నీ నేను చూస్తూ ఉన్నాను. అప్పుడే మోచేతికి కింద దెబ్బ పడింది. ఎడమవైపు, వెనక నుంచి, పై నుంచి కిందికి. అటు గోడ తప్ప ఏమీ లేదు. ఎండుకట్టె విరిచినట్టు చప్పుడు వచ్చింది. చెయ్యి మధ్యలో వంగి, వేలాడింది.

నేను అరిచాను. రాజు గిన్నె వదిలేసి నన్ను పట్టుకున్నాడు. వదిలిన గంజి అతని రెండు పాదాల మీదా పడింది. చర్మం ఊడి వచ్చింది. ఆ కాళ్లతోనే నన్ను భుజాన వేసుకుని మెట్లు దిగాడు. మా వెనక మెట్ల మీద సుగుణ కూర్చుని కూర్చుని జరుగుతూ దిగింది.

క్యాజువాలిటీలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇనుప కడ్డీలాంటి దానితో బలంగా కొడితే ఇలా విరుగుతుందన్నాడు. మా వంటగదిలో అలాంటిది లేదు. ఎవరు కొట్టారని అడిగాడు. అలాంటి కేసుల్లో పోలీసులకు చెప్పాలట, కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డాడు. అదే సమయానికి కట్టు మార్చే సిస్టర్ లోపలికి వచ్చింది. నన్ను చూపించి, "ఈయన భార్యకే సార్, ఒళ్లంతా దెబ్బలు" అంది.

అందరూ నావైపు తిరిగారు. నేను ఏం చెప్పాలి? ఎవరూ కొట్టలేదంటే, భార్యను కొట్టేవాడు చెప్పే మాటలా ఉంటుంది. ఆమెను కొట్టబోతే ఆమె తమ్ముడు అడ్డుపడ్డాడని అనుకుంటారు. నొప్పి ఉంది, కొన్నాళ్లుగా కడుపులో పెట్టుకున్న కోపం ఉంది. కానీ ఆ రెండింటి వల్లా అనలేదు. నా మీదకు రాకూడదని అన్నాను.

"మా బావమరిది సార్. ఇద్దరినీ వాడే కొడతా ఉండాడు" అన్నాను.

రాజు అప్పుడు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. పాదాలకు ఇంకా మందు కూడా రాయలేదు. "బావా!" అన్నాడు. అంతే అన్నాడు. కాలిన కాళ్లను చూసి కానిస్టేబుల్, పెనుగులాటలో గంజి ఒలికిందని తేల్చేశాడు.

అతన్ని స్టేషన్‌కు తీసుకెళ్లారు. కేసు పెట్టారు. బెయిలు మీద బయటికి వచ్చేసరికి రన్నింగ్ రూము కాంట్రాక్టరు వేరే వంటవాణ్ణి పెట్టుకున్నాడు. కొట్లాట కేసున్నవాడు తనకు వద్దన్నాడు.

సుగుణ మంచానికి ఎదురుగానే వంటగది తలుపు. ఆమె అంతా చూసింది. "వాడి రెండు చేతుల్లో అన్నం గిన్నె ఉండింది. నేను చూసినా. నువ్వూ చూసినావు. తమ్ముడని నేను చెప్తే వాళ్లు వినలేదు, నువ్వు పోయి చెప్పయ్యా" అంది. మరి ఎవరు కొట్టారని చెప్పమంటావని అడిగాను. "అది నాకెందుకు? వాడు కాదని చెప్పు చాలు." నేను వెళ్లలేదు. నేను వండిన జావ ఆమె ముట్టుకోలేదు. ఇన్సులిన్ వేసుకుని అన్నం తినకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఎదురింటి కమలక్క వచ్చి తినిపించి వెళ్లేది.

కమలక్కది సంగం అనే ఊరు. భర్తకు డయాలసిస్ కోసం ఆ మేడలో చాలాకాలంగా ఉంటోంది. ఆమె ఒక రోజు సుగుణకు అన్నం పెట్టి, పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.

"మీకు ముందు పెద్దామెతో ఇద్దరు కొడుకులు ఉండిరన్నా. బంగారం లాంటి పిల్లోళ్లు. తల్లిని చేతుల మీద పెట్టుకోని చూసినారు. ఉన్నట్టుండి కొట్టుకోవడం మొదలుపెట్టినారు. నువ్వు కొట్టినావంటే నువ్వు కొట్టినావని. చిన్నోడికి కన్ను పోయింది. తాగి కొట్టుకుంటా ఉండారేమో అనుకున్నా. ఇద్దరూ తాగరంట."

ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని కోపంగా అడిగాను.

"నువ్వు అడిగితే గదా? పేషెంటు ఎట్ట పోయిందని అందరూ అడగతారు. తోడున్నోళ్లు ఎట్ట పోయినారని ఎవురడగతారు?"

ఆమె వెళ్లాక నేను తలుపు వేశాను. సుగుణ మంచం మీద కూర్చుని ఉంది. నేను గది ఈ చివర, కుర్చీలో. నా ఎడమచెయ్యి సిమెంటు కట్టులో ఉంది. కుడిచెయ్యి నా ఒళ్లోనే ఉంది. మా మధ్య ఖాళీ నేల. ఆమె ఏదో చెప్పబోయింది. ఆమె తల ఒక్కసారిగా వెనక్కి వెళ్లింది, ఎవరో జడ పట్టుకుని లాగినట్టు. జడ గాలిలో బిగిసి నిలబడింది. తల గోడకు కొట్టుకుంది. మళ్లీ ముందుకొచ్చి, మళ్లీ కొట్టుకుంది. సున్నం మీద రక్తం కనిపించింది. నేను లేచి ఆమె మీద పడి పట్టుకున్నాను. ఆ జడను నా చేత్తో లాక్కోవాల్సి వచ్చింది. అటువైపు బలం ఉంది. నీళ్లలో ఇరుక్కున్న తాడును లాగితే ఎలా ఉంటుందో అలా ఉంది. తర్వాత వదిలేసింది.

ఆ నిమిషమే ఆ ఇల్లు వదిలేశాం. కమలక్క ఇంట్లో ఒక పూట ఉండి, ఆసుపత్రికి అవతలి వైపు ఒక గది తీసుకున్నాం. అక్కడ ఎవరి మీదా దెబ్బ పడలేదు. సుగుణ కాలు మానింది. మానిన రోజు ఆమె నాతో బోగోలు రాలేదు. బిట్రగుంట వెళ్లిపోయింది, తమ్ముడి ఇంటికి.

అప్పుడు వెళ్లాను స్టేషన్‌కు. రాజు నన్ను కొట్టలేదని చెప్పాను. అయితే ఎవరని ఎస్.ఐ. అడిగాడు. కనిపించలేదన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. "రాజీ అయితే అయినట్టు చెప్పవయ్యా, ఈ కథలన్నీ ఎందుకు? జారి పడ్డానను, అయిపోతాది" అన్నాడు. జారి పడ్డానన్నాను. అలా ఇంకో అబద్ధంతో కేసు వదిలింది. రాజు ఉద్యోగం రాలేదు.

బిట్రగుంట వెళ్లి అతన్ని కలిశాను. గేటు బయటే నిలబెట్టాడు. పాదాల మీద మచ్చలు ఇంకా గులాబీ రంగులోనే ఉన్నాయి. క్షమించమన్నాను. అతను చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నీ చెయ్యి ఇరిచింది ఏందో నాకు తెలీదు బావా. దాన్ని నేను తిట్టను. నా పేరు చెప్పింది మాత్రం అది కాదు, నువ్వు. పెళ్లిళ్లకి గూడా నన్ను వంటకి పిలవడం లేదు, బావ చెయ్యి ఇరగ్గొట్టినోడని. స్టేషన్లో చెప్తే నాకేం వస్తాది? మన సంఘంలో లేచి చెప్పు."

చెప్పాను. తర్వాతి ఆదివారం మా చర్చిలో, సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచాను. రాజు, సుగుణ కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. ఇక్కడ రాసిందంతా, ఇదే వరసలో చెప్పాను. గంజి గిన్నె గురించి, పది వేళ్ల గురించి చెప్పాను. క్యాజువాలిటీలో నన్ను నేను కాపాడుకోవడానికి అతని పేరు చెప్పానని కూడా చెప్పాను. పాస్టరు అయ్యగారు ఒక చిన్న ప్రార్థన చేసి కీర్తన ఎత్తుకున్నారు.

బయటికి వచ్చాక అందరూ నా చుట్టూ చేరారు. సంఘ పెద్ద ఒకాయన నా ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"ఎంత పెద్ద మనసు నాయనా నీది! చెయ్యి ఇరగ్గొట్టినోడిని కాపాడేదానికి, నిందంతా నీ మీద ఏసుకుంటివే. లేని దయ్యాన్ని గూడా తెచ్చి పెడితివే."

కాదండీ, నిజమండీ అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. ఒకావిడ, "ఇట్టాంటి బావ దొరకడం ఆ రాజు అదృష్టం" అంది. నేను ఎంత గట్టిగా కాదంటే వాళ్లకు నా మీద అంత గౌరవం పెరిగింది.

రాజు చెప్పుల దగ్గర నిలబడి అంతా విన్నాడు. "ఇన్నావా బావా? నువ్వు ఇంకా మంచోడివి అయిపోయినావు" అన్నాడు. కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. సుగుణను బండి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ ఇంట్లో మమ్మల్ని కొట్టింది ఏమిటో నేను ఈ రోజుకూ చెప్పలేను. చెడిపోయిన మోటారును విప్పినట్టు ఆ రోజులన్నిటినీ ఎన్నోసార్లు విప్పి చూశాను. ఏ ముక్కా ఇంకో ముక్కతో కలవదు. మీరు నమ్మాలని కూడా అడగను. ఇది నమ్మనివాళ్లు నన్ను పిచ్చివాడనుకోండి, అబద్ధాలకోరు అనుకోండి. మంచివాడిని మాత్రం అనుకోవద్దు. అన్నం గిన్నె మీద మా రాజు రెండు చేతులూ ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను.